మా గ్రంథాలయ పాలకమండలి: ఐదుకి మూడు

గ్రంథాలయం మీద రివ్యూలు రాసేవాళ్లు పుస్తకాల గురించో, కుర్చీల గురించో, సిబ్బంది మర్యాద గురించో రాస్తారు. నేను మాత్రం ఆ గ్రంథాలయాన్ని ఎలా నడపాలో తేల్చే తొమ్మిదిమంది గురించి రాస్తున్నాను. మా పాలకమండలి సమావేశాలకు ఎవరైనా వెళ్లి వెనక వరుసలో కూర్చోవచ్చు. ఉద్యోగమంతా ఆడిట్‌లో చేసి రిటైరయ్యాను, మినిట్స్, అంటే సమావేశంలో ఏం జరిగిందో రాసిపెట్టే రికార్డు, చదవడం నాకు ఇష్టమైన పని. ఈమధ్య మండలి తన పనితీరును తానే మదింపు చేసుకుని, ఆ ఫలితాన్ని నోటీసు బోర్డులో పెట్టింది. ప్రతి ప్రశ్నకూ "చాలా బాగుంది" అనే జవాబే ఉంది. నేనైతే ఐదుకి మూడే ఇస్తాను. ఎందుకో చెబుతాను.

డబ్బు విషయంలో వీళ్లను వేలెత్తి చూపడానికి లేదు. ఖాతాలు సమయానికి ఆడిట్ అవుతాయి, ఆడిట్ అభ్యంతరాలకు రాతపూర్వకంగా జవాబు ఇస్తారు, కొనుగోళ్ల కొటేషన్లు ఫైల్లో ఉంటాయి. సభ్యుడి బంధువు ఒకాయన బీరువాల సరఫరాకు టెండర్ వేసినప్పుడు ఆ సభ్యుడు విషయం తానే చెప్పి, చర్చ జరుగుతున్నంతసేపూ గది బయట ఉన్నాడు. మినిట్స్‌లో ఆ సంగతి కూడా రాశారు. ఇంత పద్ధతిగా ఉండే కమిటీలను నా సర్వీసులో చాలా తక్కువ చూశాను.

నేను ఇచ్చిన మూడు మార్కుల్లో ఒకటి పూర్తిగా ఒక నవల విషయంలో వీళ్లు నడుచుకున్న తీరుకే. ఆ నవలను పిల్లలకు అందుబాటులో ఉంచకూడదని, అసలు గ్రంథాలయంలోనే ఉండకూడదని కొందరు తల్లిదండ్రులు గుంపుగా వచ్చారు. గట్టిగానే మాట్లాడారు. ఇద్దరు సభ్యులు అప్పటికప్పుడు తీసేద్దామన్నారు. చైర్మన్ గారు ఒప్పుకోలేదు. "మనకు రాసుకున్న విధానం ఉంది. అభ్యంతరం ఫారంలో రాసివ్వండి, మా కమిటీ పుస్తకం మొత్తం చదివి జవాబు ఇస్తుంది, అప్పటిదాకా పుస్తకం అక్కడే ఉంటుంది" అన్నారు. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 1939లోనే గ్రంథాలయ హక్కుల ప్రకటన చేసింది. నచ్చని అభిప్రాయం ఉందన్న కారణంతో పుస్తకాన్ని తీసేయకూడదన్నది తర్వాత అందులో చేరిన ముఖ్యమైన మాట. గుంపు ఎదురుగా నిలబడినప్పుడు ఆ మాట మీద ఉండటం తేలిక కాదు. కమిటీ పుస్తకం చదివింది, కారణాలతో ఉత్తరం రాసింది. నవలను పెద్దల విభాగంలోనే ఉంచారు. అభ్యంతరం చెప్పినవాళ్లలో ఒకావిడ తర్వాత సమావేశానికి వచ్చి, "మీరు ఒప్పుకోలేదు గానీ మా మాట విన్నారు" అంది. పాలకమండలి ఉండేది ఇందుకే. ఈ ఒత్తిడంతా లైబ్రేరియన్ ఒక్కరి మీద పడి ఉంటే ఆ పుస్తకం ఎవరికీ తెలియకుండా అలమర నుంచి మాయమైపోయేది.

ఇక తగ్గించిన రెండు మార్కుల సంగతి.

మండలి తన నివేదికలో సభ్యత్వాలు పెరిగాయని, పుస్తకాల జారీ పెరిగిందని రాసుకుంది. సంతోషమే. కానీ అవి గ్రంథాలయం పనితీరు కొలతలు. వాటికి ఐఎస్‌ఓ 11620 అని అంతర్జాతీయ ప్రమాణమే ఉంది, 1998లో మొదటిసారి వచ్చింది. పాఠకుల సంతృప్తి, ఒక్కో వాడకానికి అయ్యే ఖర్చు లాంటివి ఎలా లెక్కగట్టాలో అందులో చెబుతారు. జారీ పెరగడం సిబ్బంది కష్టం వల్ల కావచ్చు, పక్కన కొత్త కాలేజీ రావడం వల్ల కావచ్చు. మండలి ఏం చేసిందన్నది ఆ అంకెల్లో కనిపించదు. మండలి చేయాల్సిన పనులు వేరు: గ్రంథాలయం ఎవరికోసం, దేనికోసం అన్నది తేల్చాలి, దానికి డబ్బు తేవాలి, విధానాలు రాయాలి, మంచి లైబ్రేరియన్‌ను నియమించి ఆయన పనిని ఏటా సమీక్షించాలి. కొలిస్తే వీటినే కొలవాలి.

అలా కొలిచినప్పుడు మినిట్స్ చాలా చెబుతాయి. మొన్నటి బడ్జెట్ సమావేశంలో ఎజెండా మొదటి అంశం కొత్త బోర్డు మీద అక్షరాల రంగు. దాని మీద గంటకు పైగా మాట్లాడారు. బడ్జెట్ చివరి అంశం. అందరూ బ్యాగులు సర్దుకుంటుండగా ఒక్క ప్రశ్నా లేకుండా ఆమోదించారు. డిజిటల్ పత్రికల చందా తగ్గించిన సంగతి ఆ కాగితాల్లోనే ఉంది, ఎవరూ అడగలేదు. రంగు గురించి ఎవరికైనా ఒక అభిప్రాయం ఉంటుంది. బడ్జెట్ గురించి మాట్లాడాలంటే ఇంటి దగ్గర చదువుకుని రావాలి. ఆ చదువే జరగడం లేదు.

రెండోది నన్ను ఎక్కువ బాధపెట్టే విషయం. మండలిలో ఒక సభ్యుడు తరచూ నేరుగా కౌంటర్ దగ్గరికి వెళ్లి సిబ్బందికి పనులు చెబుతాడు. ఈ అలమర అటు జరపండి, ఆ పత్రిక ఆపేయండి అంటూ. మంచి ఉద్దేశంతోనే అంటాడు, అందులో నాకు అనుమానం లేదు. కానీ పాలకమండలికి అధికారం ఉండేది అందరూ కూర్చుని తీర్మానం చేసినప్పుడే. గది దాటాక ఏ ఒక్క సభ్యుడికీ విడిగా అధికారం లేదు. కౌంటర్‌లో పనిచేసే అమ్మాయి ఒకసారి నాతో, "సార్, లైబ్రేరియన్ మేడమ్ ఒకటి చెబుతారు, ఈయన ఇంకొకటి చెబుతారు, ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంటోంది" అంది. మిగతా ఎనిమిది మందికీ ఇది తెలుసు. చైర్మన్ గారికీ తెలుసు. గుంపు ముందు అంత గట్టిగా నిలబడిన మనిషి తోటి సభ్యుడితో ఈ ఒక్క మాట చెప్పలేకపోతున్నారు. పైగా లైబ్రేరియన్ మేడమ్ పనితీరు మీద రెండేళ్లుగా రాతపూర్వక సమీక్ష లేదు. ఏం సాధించాలో రాసివ్వరు, సాధించినప్పుడు మెచ్చుకోలూ రాసివ్వరు. ఆమె నిజంగా మంచి లైబ్రేరియన్. రేపు వేరే చోటికి వెళ్లిపోతే ఎందుకు వెళ్లారా అని వీళ్లు ఆశ్చర్యపోకూడదు.

సాయంత్రం వేళల విషయం కూడా చెప్పాలి. పగలు పనిచేసేవాళ్లు రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంచమని సంతకాలు చేసి ఇచ్చారు. "తదుపరి సమావేశానికి వాయిదా" అన్న వాక్యం ఆ అంశం కింద వరుసగా కనిపిస్తుంది. కుదరదంటే కుదరదని కారణంతో చెప్పొచ్చు. వాయిదాకు జవాబుదారీ ఎవరూ ఉండరు. పాఠకుడి సమయాన్ని కాపాడాలన్నది గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో ఇచ్చిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది. ఆ సూత్రాలు మా గ్రంథాలయం గోడ మీద ఫ్రేము కట్టి ఉన్నాయి. మండలి కూర్చునే గదిలోనే ఉన్నాయి.

అమెరికాలోని బోస్టన్ పబ్లిక్ లైబ్రరీ 1854లో పాఠకులకు తెరుచుకుంది. దాని ట్రస్టీలు, అంటే అక్కడి పాలకమండలి సభ్యులు, 1852లోనే, చేతిలో భవనం కూడా లేనప్పుడు, ఈ గ్రంథాలయం ఎందుకు అన్నదాని మీద నివేదిక రాశారు. జనం ఎక్కువగా అడిగే పుస్తకాలకు ఎక్కువ ప్రతులు ఉండాలి, ఒకే సమయంలో చాలామంది చదవగలగాలి అన్నారు. అంటే రాబోయే పాఠకుడు వాళ్ల ఆలోచనలో ముందే ఉన్నాడు. మా మండలి దగ్గర అలాంటి కాగితం ఉందా అని అడిగాను. పాత ప్రణాళిక గడువు తీరిపోయిందని, కొత్తది "తయారీలో ఉంది" అని చెప్పారు.

వీళ్లకు ఆసక్తి లేదనడం అన్యాయం. జీతం లేని పని, సాయంత్రాలు వదులుకుని వస్తారు. నేర్పేవాళ్లు లేకపోవడం అసలు లోటు. కొత్త సభ్యుడు చేరిన రోజు ఒక పూలగుత్తి, ఒక ఫైలు ఇస్తారు, అంతే. న్యూయార్క్ రాష్ట్రంలో 2023 నుంచి గ్రంథాలయ ట్రస్టీలు ఏటా కనీసం రెండు గంటల శిక్షణ తీసుకోవాలన్న చట్టం అమల్లో ఉంది. రెండు గంటలు పెద్ద భారమేమీ కాదు.

చివరగా ఆ మదింపు ఫారం. "మేము ఐకమత్యంగా పనిచేస్తున్నామా?" "పాఠకుల పట్ల మాకు శ్రద్ధ ఉందా?" ఇలాంటి ప్రశ్నలకు ఎవరైనా ఉందనే రాస్తారు. చేర్చాల్సిన ప్రశ్నలు రాసి మండలికి ఉత్తరం ఇచ్చాను. నిరుడు చేసిన తీర్మానాల్లో ఎన్ని అమలయ్యాయి? మూడుసార్లకు మించి వాయిదా పడిన అంశాలేవి? లైబ్రేరియన్ వార్షిక సమీక్ష ఏ తేదీన జరిగింది? బడ్జెట్ మీద ఏ సభ్యుడు ఏ ప్రశ్న అడిగారు? ఫారం నింపేటప్పుడు లైబ్రేరియన్‌ను, ఇద్దరు సిబ్బందిని, కొందరు పాఠకులను కూడా పేరు రాయకుండా జవాబులు ఇవ్వనివ్వమని కోరాను. ఉత్తరం అందినట్టు రసీదు ఇచ్చారు, వచ్చే సమావేశం ఎజెండాలో ఏడో అంశంగా పెట్టారు. ఆ సమావేశానికి వెళ్తాను. సాయంత్రం వేళల మీద అవుననో కాదనో ఒక నిర్ణయం, లైబ్రేరియన్ సమీక్షకు ఒక తేదీ మినిట్స్‌లోకి వస్తే నాలుగో మార్కు కలుపుతాను.