ఎనిమిదేళ్ల రివాల్వర్, నాలుగేళ్ల ఎయిర్ పిస్టల్

పలాసలో జీడిపప్పు వ్యాపారం చేస్తూ, పిక్కల సీజనులో ఉద్దానం గ్రామాలకు నగదుతో తిరగవలసి రావడం వల్ల 2017లో లైసెన్సు పొంది .32 రివాల్వర్ కొన్నాను. 9 ఎం.ఎం. నిషిద్ధ బోరు (బోరంటే గొట్టం లోపలి కొలత) కనుక ఆత్మరక్షణకు చేతి తుపాకీ కొనే మామూలు పౌరుడి ఎంపిక దాదాపు .32 దగ్గరే ఆగిపోతుంది. ఇక తేల్చుకోవలసింది రివాల్వరా, పిస్టలా అన్నదే. తూటా పేలకపోతే రివాల్వర్‌లో ట్రిగ్గర్ మళ్లీ నొక్కితే చాలు, పిస్టల్‌లో పైనున్న స్లైడు వెనక్కి లాగాలి. సిలిండర్ తెరిస్తే ఆరు గదులూ కంటికి కనిపిస్తాయి. ఆ ఎంపిక విషయంలో నాకు ఇప్పటికీ విచారం లేదు.

అయితే దీనితోనే గురి కూడా కుదురుతుందన్న అమ్మకందారు మాట నమ్మడం నా పొరపాటు. లైసెన్సులో రాసిన పరిమితిని మించి తూటాలు కొనలేము, వాటి ధరా తక్కువ కాదు. పైగా వెనకనున్న సుత్తిని ముందుగా వేలితో లాగకుండా కాల్చితే ట్రిగ్గర్ చాలా బరువు: పది మీటర్ల దూరంలో ఆరింటిలో నాలుగు ఎడమవైపు కిందికి పోయాయి.

అందుకే 2021లో .177 ఎయిర్ పిస్టల్ కొన్నాను. గుండు శక్తి ఇరవై జౌళ్లు దాటని ఆ రకానికి లైసెన్సు అక్కరలేదు. గోడౌనులో టేపుతో పది మీటర్లు కొలిచి, కాగితపు లక్ష్యం కట్టాను. దానిమీద పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లే. పోటీ నియమాల ప్రకారం ట్రిగ్గర్ నొక్కడానికి పట్టే బరువు కనీసం 500 గ్రాములుండాలి, ఒక చేత్తోనే కాల్చాలి. కొన్ని నెలలకు నా లోపం బయటపడింది: పేలుడుకు ముందే మణికట్టు బిగుస్తోంది. తర్వాత రివాల్వర్‌లో డమ్మీ తూటాలు వేసి, గొట్టం చివర రూపాయి బిళ్ల నిలబెట్టి, అది పడకుండా ట్రిగ్గర్ లాగడం సాధన చేశాను. ఎయిర్ పిస్టల్ వంటి సాధన తుపాకీ నేర్పేది ఇదే. అలాగని దాన్ని నడుముకు కట్టుకోలేము, అరచేతికి సరిపోయేలా చెక్కిన ఆ చెక్క పిడి చొక్కా కింద దాగదు.

మా తీరపు గాలి గురించి మాత్రం ముందే హెచ్చరించాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చాక కరెంటు లేని రోజుల్లో రివాల్వర్‌ను తోలు ఒరలోనే వదిలేశాను. తీసి చూస్తే సిలిండర్ మీద గోధుమ రంగు చుక్కలు, ఇత్తడి తూటాల అంచున ఆకుపచ్చ పొర. ఇప్పుడు రాత్రి ఒరలో ఉంచను, నూనె గుడ్డతో తుడిచి లాకర్‌లో పెడతాను.

ఉద్దానం అనగానే ఎలుగుబంట్ల కోసమా అని అడుగుతారు. కాదు; .32 తూటా దానికి చాలదు, చట్టమూ ఒప్పదు.

2019, 2024 ఎన్నికల కోడ్ వేళ తుపాకీని స్టేషనులో అప్పగించి రసీదు తీసుకున్నాను. సీజను మధ్యలో ఆ వారాలు ఖాళీ చేతులతోనే తిరిగాను, ఏమీ కాలేదు. 2020 రెన్యూవల్‌లో గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది, ఆ ఐదేళ్లలోనే రైతులు నగదు వదిలి యూపీఐ అడగడం మొదలుపెట్టారు. గత సీజనులో రివాల్వర్ కట్టుకున్న రోజులు పదికి మించలేదు. ఎయిర్ పిస్టల్ మాత్రం రోజూ సాయంత్రం గోడౌను మూసే ముందు అరగంట చేతిలో ఉంటోంది.