సాంఖ్యక శాస్త్రానికి ఉచిత వెబ్ వనరులు: నెల్లూరు డిగ్రీ విద్యార్థుల కోసం ఒక సమీక్ష

మా నెల్లూరులో సాంఖ్యక శాస్త్రం చదివే డిగ్రీ విద్యార్థులకు సూత్రాలు కంఠస్థంగానే ఉంటాయి. ప్రామాణిక విచలనం (అంకెలు సగటు నుంచి ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) కట్టమంటే తడుముకోరు. 95 శాతం విశ్వాస అంతరానికి (కాన్ఫిడెన్స్ ఇంటర్వల్, అంటే నమూనాను బట్టి అసలు విలువకు అంచనాగా కట్టే కింది, పై హద్దుల మధ్య మేర) అర్థమేమిటని అడిగితే మాత్రం చాలామంది ఆగిపోతారు. ఆ లోటు ఎక్కడ తీరుతుందన్న దృష్టితోనే ఈ వనరులను పరిశీలించాను.

అన్నింటిలో నాకు మిన్నగా తోచినది ‘సీయింగ్ థియరీ’. డేనియల్ కునిన్ అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉన్నప్పుడు రూపొందించిన ఈ వెబ్‌సైటులో ఉన్నవి 6 అధ్యాయాలే. ప్రతిరూప పరిమాణాన్ని, అంటే నమూనాగా ఎన్నింటిని తీసుకోవాలన్నదాన్ని, మనమే మారుస్తూ పోతే తెర మీద అంతరాలు ఒకదాని వెంట ఒకటి ఏర్పడతాయి, వాటిలో కొన్ని అసలు సగటును తప్పిపోవడం కళ్లారా కనిపిస్తుంది. 95 శాతం అన్నది చేతిలో ఉన్న ఒక్క అంతరానికి సంబంధించిన మాట కాదనీ, అదే పద్ధతిని పదే పదే పాటిస్తే నూటికి సుమారు 95 అంతరాలలో అసలు విలువ ఇమిడి ఉంటుందనీ అప్పుడు బోధపడుతుంది. ఇందుకూరుపేట వైపు రొయ్యల రైతు విసురువలతో పట్టినవాటిని తూచి, కిలోకు ఎన్ని తూగుతాయో చూసి చెరువు మొత్తానికి కౌంట్ అంచనా వేస్తాడు. వల వేసిన ప్రతిసారీ ఆ అంకె కొంత మారుతుంది. ఈ ఉదాహరణతో పాటు ఆ బొమ్మలను చూపితే పాఠం నిలుస్తుందని నా నమ్మకం.

ఎప్పుడూ ఒకే మూల వల వేస్తే అంచనాలో చేరే పక్షపాతం గురించి తెలియాలంటే, రైస్ విశ్వవిద్యాలయం వారి ఓపెన్‌స్టాక్స్ సంస్థ ఇచ్చే ‘ఇంట్రడక్టరీ స్టాటిస్టిక్స్’ మొదటి అధ్యాయం చదవాలి. 13 అధ్యాయాల ఈ పుస్తకం పీడీఎఫ్‌గా ఉచితంగా దొరుకుతుంది కనుక, సిగ్నల్ సరిగా అందని పల్లెల్లోని విద్యార్థులు ఒకసారి దించుకుంటే చాలు. లెక్కల్లో డాలర్లూ, మన దగ్గర అంతగా కనిపించని టీఐ (టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్) కాలిక్యులేటర్ల మీటల వివరాలూ ఉన్నాయి. ఆ భాగాలను వదిలి, అదే లెక్కను గణాంకాల లెక్కలకు వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ ‘ఆర్’లో చేయడం మేలు.

మరచిన ప్రాథమికాంశాలను తిరగేయడానికి ఉచిత పాఠాల వెబ్‌సైటు ఖాన్ అకాడమీలోని అభ్యాసాలు సరిపోతాయి. క్రమం తప్పని పాఠాలు కావాలనుకునేవారికి కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక ‘స్వయం’లో ఐఐటీల వంటి సంస్థల అధ్యాపకులు చెప్పే ఎన్‌పీటీఈఎల్ కోర్సులున్నాయి. వాటిని ఉచితంగానే వినవచ్చు, ధ్రువపత్రం కోసం పరీక్ష రాసేవారు మాత్రమే రుసుము చెల్లించాలి.