డిలన్ రాసిన పాటలు, జోన్ బయేజ్ గొంతు: 'ఎనీ డే నౌ' ఎలా ఉంది?

అమెరికన్ జానపద గాయని జోన్ బయేజ్ పాడిన 'ఎనీ డే నౌ' ఆల్బమ్‌ని తిరుపతి వాళ్లు తప్పకుండా వినాలని నేను గట్టిగా చెప్తాను. 1968 చివర్లో వచ్చిన డబుల్ ఆల్బమ్, మొత్తం 16 పాటలు, అన్నీ అమెరికాలో పాటలు తనే రాసి తనే పాడే బాబ్ డిలన్‌వే. ఒకరి పాటని ఇంకొకరు ఎలా పాడాలి, ఎంతవరకు మార్చొచ్చు అనే చర్చ మన ఊళ్లో జరిగినంత ఇంకెక్కడ జరుగుతుంది చెప్పండి. అన్నమయ్య రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం మాత్రం లేదు. బస్టాండు నుంచి మెట్ల దారి దాకా రోజూ మన చెవిన పడే వరసలు చాలావరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు లాంటి పెద్దలు ఆ తర్వాత కట్టినవే. అందుకే ఒకే కీర్తనని నలుగురు నాలుగు రకాలుగా పాడినా మనకి వింతేం కాదు, ఎవరిది బాగుందని మాత్రం గంటలు గంటలు వాదించుకుంటాం.

డిలన్ దగ్గర ఆ వెసులుబాటు లేదు. రాసినాయన గొంతు రికార్డుల్లో ఉంది. గరుకు గొంతు, ముక్కుతో పలికే మాటలు, ఎక్కడ పడితే అక్కడ విరిచే లైన్లు, ఇష్టపడేవాళ్లకి అదే ఇష్టం. బయేజ్‌ది దీనికి పూర్తిగా ఎదురు, పై స్థాయిలో కూడా ఎక్కడా చెదరని గొంతు. ఇంత తేడా పెట్టుకుని ఆయన పాటలు 16 పాడటం మామూలు ధైర్యం కాదు. పైగా డిలన్ ఇంకా పెద్దగా ఎవరికీ తెలియని 1963లో తన కచేరీల్లోకి పిలిచి, జనానికి వినిపించిన మనిషి ఈమె. తర్వాత రెండేళ్లకి ఇంగ్లండ్ టూర్‌లో ఆయన మాత్రం ఈమెని స్టేజీ మీదకి పిలవలేదు. ఆ మనసు నొప్పి పాటల్లో ఉందా అంటే నాకు అక్కడక్కడ ఉన్నట్టే వినిపించింది, కానీ ఎక్కడా కక్ష లేదు.

నా లెక్కలో ఆల్బమ్‌కి ప్రాణం 'నార్త్ కంట్రీ బ్లూస్'. డిలన్ పెరిగిన మిన్నెసోటా ఇనుప గనుల ప్రాంతం కథ, చెప్పేది ఒక గని కార్మికుడి భార్య. గనులు ఇంట్లో మగవాళ్లని ఒక్కొక్కరినే మింగేస్తాయి, దక్షిణ అమెరికాలో కూలి చవక అని చివరికి గనే మూసేస్తారు, మొగుడు తాగుడులో పడి ఒకరోజు చెప్పకుండా వెళ్లిపోతాడు, పిల్లలు కూడా పెద్దయ్యాక ఊళ్లో ఉండరని ఆమెకి తెలుసు. కుప్పం దాటితే వచ్చే కోలార్ బంగారు గనులు 2001లో మూతపడ్డాక అటువైపు ఇళ్లలో ఏం జరిగిందో విన్నవాళ్లకి ఈ పాట అర్థం కావడానికి ఇంగ్లీషు పెద్దగా రానవసరం లేదు. డిలన్ పాడినప్పుడు ఇది ఆయన చెప్తున్న ఒక ఆడమనిషి కథ. బయేజ్ పాడినప్పుడు ఆ ఆడమనిషే మన ఎదురుగా కూర్చుని చెప్తోంది, ఏడుపు గొంతు పెట్టకుండా, ఎక్కడా ఒత్తి పలకకుండా. అన్నమయ్య నాయిక మాటగా రాసిన శృంగార కీర్తనలు మగ విద్వాంసులు ఎంత గొప్పగా పాడినా, ఒక ఆడమనిషి అందుకున్నప్పుడు అర్థం ఇంకోలా తిరుగుతుంది చూడండి, ఇదీ అంతే.

'టియర్స్ ఆఫ్ రేజ్'కి ఒక్క వాయిద్యం కూడా లేదు. డిలన్‌తో కలిసి రిచర్డ్ మాన్యుయెల్ కట్టిన పాట ఇది, కూతురి చేత మాట పడ్డ తండ్రి బాధలా ఉంటుంది. ఒట్టి గొంతుతో పాడేసరికి మధ్యలో ఊపిరి తీసుకునే చప్పుడు కూడా పాటలో భాగం అయిపోయింది. ఇయర్‌ఫోన్స్‌లో వినండి, రోడ్డు మీద నడుస్తూ మాత్రం వద్దు.

'లవ్ ఈజ్ జస్ట్ ఎ ఫోర్-లెటర్ వర్డ్' సంగతి వేరు. దీన్ని డిలన్ సొంతంగా ఎప్పుడూ రికార్డుగా విడుదల చెయ్యలేదు, కాబట్టి లోకానికి ఇది బయేజ్ పాటే, పోల్చడానికి ఇంకోటి లేదు. ఆ స్వేచ్ఛ ఆమె గొంతులో తెలిసిపోతుంది, మొదటి లైన్ నుంచే హాయిగా పరుగెడుతుంది.

రికార్డింగ్ అమెరికాలోని నాష్‌విల్‌లో జరిగింది, వాయించింది అక్కడి స్టూడియోల్లో చెయ్యి తిరిగినవాళ్లు. పెడల్ స్టీల్ గిటార్, ఫిడేలు, మెత్తటి డ్రమ్స్, ఎవరూ గొంతు మీదకి రారు. 'యు ఎయింట్ గోయిన్ నోవేర్' లాంటి సరదా పాటల్లో వాళ్ల చెయ్యి బాగా తెలుస్తుంది.

నచ్చనివీ ఉన్నాయి. 'వన్ టూ మెనీ మార్నింగ్స్'లో ఉండాల్సిన అలసట ఈ నున్నటి గొంతులో కనిపించదు. 'డ్రిఫ్టర్స్ ఎస్కేప్'లో కోర్టు గందరగోళం అంతా ఉంది, ఆ గాభరా వినేవాడికి రావాలి కదా, ఈమె మరీ నింపాదిగా పాడేశారు. ఇక 'శాడ్-ఐడ్ లేడీ ఆఫ్ ది లోలాండ్స్' చాలా పొడుగు పాట. డిలన్ అంతసేపు పాడితే మగతలోకి వెళ్లినట్టుంటుంది, ఇక్కడ సగం దాటాక నాకు ఎప్పుడు అయిపోతుందా అనిపించింది. ఆ ఒక్క పాట లేకపోతే ఇంకో రెండు చిన్న పాటలకి చోటు దొరికేది.

ఫోన్‌లో వినేవాళ్లు షఫుల్ ఆఫ్ చేసుకోండి. ఇంగ్లీషు జానపదం అలవాటు లేకపోతే ముందు 'నార్త్ కంట్రీ బ్లూస్' డిలన్ పాడింది ఒకసారి, వెంటనే బయేజ్ పాడింది ఒకసారి వినండి. ఆ రెండింటికీ తేడా మీకు పట్టుబడితే మిగతా ఆల్బమ్ మొదలుపెట్టొచ్చు, ఆ పొడుగు పాటని మాత్రం తీరిక ఉన్న రోజుకి వాయిదా వేసుకోండి.