బీఆర్క్ తర్వాత: కొత్త భవనాలా, పాత కట్టడాలా?

చదువు: కొత్త భవనాలకు ఐదేళ్ల బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ), కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ రిజిస్ట్రేషన్ చాలు. పాత కట్టడాలకైతే ఢిల్లీ ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) లాంటిచోట కన్జర్వేషన్‌లో, అంటే పాత కట్టడాల పరిరక్షణలో, ఎంఆర్క్ అనే పీజీ చేస్తే మేలు.

ఆదాయం: కొత్తవాటిలో పని ఎక్కువగా దొరుకుతుంది. పాతవాటిలో ప్రాజెక్టులు తక్కువ. టెండర్లు, బిల్లుల కోసం ఎదురుచూపులు మామూలే.

పని దగ్గరే అసలు తేడా. కొత్త భవనానికి ఖాళీ స్థలం చూసి గీత మొదలుపెడతాం. పాతదాన్ని ముందు చదవాలి: పగులు ఎక్కడ పుట్టింది, తేమ ఎటునుంచి ఎక్కుతోంది, ఏ మరమ్మతు ఎప్పటిది. హైదరాబాద్ కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలైన పనుల్లో, గతంలో పూసిన సిమెంటును ఒలిచేసి మళ్లీ సున్నం పూశారు. సిమెంటు గోడలోని తేమను లోపలే బంధిస్తుంది, సున్నం బయటికి పోనిస్తుంది. సున్నం పాకం సరిగ్గా కుదిరిందో లేదో పుస్తకం చెప్పదు, మేస్త్రీ పక్కన నిలబడి చూడాల్సిందే.

రిస్కు: కొత్త గోడ తప్పయితే పడగొట్టి కట్టొచ్చు. నాలుగొందల ఏళ్ల గచ్చుపని (సున్నంతో చేసిన నగిషీ) రాలిపోతే మళ్లీ రాదు.

ఇంటి బాధ్యతలుండి నెలనెలా జీతం కావాలంటే కొత్త భవనాలే నయం. ఓపిక, చరిత్ర మీద ప్రేమ ఉంటే పాత కట్టడాల వైపు రండి. ఎటూ తేలకపోతే, ముందు కొత్త భవనాల ఆఫీసులో డ్రాయింగులు, కాంట్రాక్టులు వంటబట్టించుకుని రమ్మంటాను.