"ప్లాస్టిక్ సేఫ్ అండర్‌కోట్" అంటూ వస్తున్న మెటాలిక్ కాంబోలతో జాగ్రత్త

1/24 కార్ల కిట్లు, అంటే అసలు కారులో 24వ వంతు సైజులో ఉండే ప్లాస్టిక్ మోడళ్లు కట్టేవాళ్లకి, అందులోనూ ఇప్పుడిప్పుడే మెటాలిక్ రంగుల జోలికి వెళ్తున్నవాళ్లకి ఈ పోస్ట్. ఆన్‌లైన్‌లో ఒక సెల్లర్ "మెటాలిక్ కాంబో" అని మూడు స్ప్రే డబ్బాలు కలిపి అమ్ముతున్నాడు. రంగు కింద కొట్టే అండర్‌కోట్ (ప్రైమర్ అన్నా అదే) ఒకటి, మెటాలిక్ ఒకటి, పైన కొట్టుకునే రంగులేని క్లియర్ ఒకటి. పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇలాంటి సరుకు అమ్మేది ఆయన ఒక్కడే అయ్యుండడు, పేరు రాస్తే మిగతావాళ్లంతా మంచివాళ్లని అనుకుంటారు. కాంబోలో మెటాలిక్, క్లియర్ రెండూ టామియా అనే మోడల్ కంపెనీ టీఎస్ రకం స్ప్రే డబ్బాలే, వాటికి వంక పెట్టేదేం లేదు. తిరకాసంతా ఆ బూడిద రంగు అండర్‌కోట్‌లో ఉంది.

డబ్బా మీద నీట్‌గా ప్రింట్ చేసిన స్టిక్కర్, "స్కేల్ మోడళ్లకు, ప్లాస్టిక్ సేఫ్, అన్ని మెటాలిక్ రంగులకు" అని. నేను కడుతున్న స్కైలైన్ కారు కిట్ బాడీని గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, అడుగు దూరం నుంచి పలుచగా కొట్టాను. మొదటి పూత బాగానే ఉన్నట్టు కనిపించింది. రెండో పూత ఆరేసరికి టాప్ మీద, వెనక చక్రాల పైభాగాన ప్లాస్టిక్ ఎండిన చెరువు అడుగులా నెర్రెలిచ్చింది. పగిలింది పెయింట్ పొరే అనుకుని ఒక మూల గీకి చూస్తే కింద ప్లాస్టిక్కే తినేసి ఉంది. డోర్ల చుట్టూ ఉండే సన్నటి గీతలు సగం పూడిపోయాయి, నంబర్ ప్లేట్ చోట ఉన్న స్క్రూ తలలైతే మాయం. స్కైలైన్ కిట్‌లో వెనక స్పాయిలర్ విడి ముక్కగా వస్తుంది కదా, అది కాస్త మందంగా ఉండటం వల్ల నెర్రెలు రాలేదు. సరే చూద్దామని దాని మీద టీఎస్-38 గన్ మెటల్ కొట్టాను. ఒక చోట ముదురు, ఒక చోట పాలిపోయి, మొత్తం మబ్బులు మబ్బులుగా వచ్చింది.

అప్పుడు హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి ఆ స్టిక్కర్ ఊడదీశాను. కింద అసలు ప్రింట్ ఉంది: ఆటో రీఫినిష్ ఫిల్లర్ ప్రైమర్, లోహపు ప్యానెళ్లకు మాత్రమే. డెంటింగ్ పెయింటింగ్ షెడ్‌లో లప్పం గీతలు పూడ్చడానికి కొట్టే సరుకు. అసలైన కారుకి అది మంచిదే, అరచేతిలో పట్టే కారుకి కాదు.

ఇందులో రెండు వేర్వేరు సమస్యలు ఉన్నాయి, చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. మొదటిది సాల్వెంట్. కిట్ ప్లాస్టిక్ పాలీస్టైరిన్, అది టొలుయిన్, జైలీన్, అసిటోన్ లాంటివాటికి కరుగుతుంది. టామియా టీఎస్ కూడా లాకరే (సాల్వెంట్ ఎగిరిపోయి ఆరే రకం పెయింట్), దాంట్లోనూ ఘాటైన సాల్వెంట్లే ఉంటాయి, కానీ పలుచటి పూతల్లో త్వరగా ఎగిరిపోతుంది కాబట్టి ప్లాస్టిక్‌ని తినేంత టైమ్ దానికి దొరకదు. ఫిల్లర్ ప్రైమర్ చిక్కగా, తడిగా పడుతుంది, సాల్వెంట్ ఎక్కువసేపు లోపలే నానుతుంది. అచ్చులో పోసినప్పుడు బిగుసుకుపోయిన చోట్లు, అంటే మూలలు, వంపులు, ముందు అక్కడే పగులుతుంది. ఇలా పగిలిన ప్లాస్టిక్ మళ్లీ మామూలు కాదు. గీకి, పూడ్చి, గీతలు మళ్లీ చెక్కుకోవాల్సిందే.

రెండోది ఆ ప్రైమర్ పొర గరుకుతనం. సాలిడ్ (మెటాలిక్ కాని సాదా) రంగు కిందైతే కాస్త గరుకుతనం దాగిపోవచ్చు గానీ మెటాలిక్ దాచదు సరికదా ఇంకా ఎత్తి చూపిస్తుంది. మెటాలిక్‌లో ఉండేవి సన్నటి అల్యూమినియం రేకులు. అవన్నీ చదునుగా పడుకుంటేనే వెలుగు ఒకే వైపు కొట్టి లోహంలా కనిపిస్తుంది. కింద నేల ఎగుడుదిగుడుగా ఉంటే ఒక్కో రేకు ఒక్కో వైపు తిరుగుతుంది, దాంతో మచ్చలు. పైన ఎన్ని పొరల క్లియర్ కొట్టినా ఆ మచ్చలు పోవు, మెరిసే మచ్చలవుతాయి అంతే. సాండ్ పేపర్ గీతలు కూడా ఇలాగే బయటపడతాయి, అందుకే అండర్‌కోట్‌ని 1500, 2000 వాటర్ పేపర్‌తో నీళ్లలో తేలిగ్గా రుద్దాకే మెటాలిక్ కొట్టాలి.

మరి ఏది కొనాలి అంటే, దొరికితే జీఎస్ఐ క్రియోస్ అనే కంపెనీ వాళ్ల మిస్టర్ సర్ఫేసర్ అనే అండర్‌కోట్. దాని మీద 500, 1000, 1200, 1500 అని నంబర్లు ఉంటాయి, నంబర్ పెరిగేకొద్దీ సన్నం. మెటాలిక్ కిందకి నేనైతే 1500 తప్ప వేరేది చూడను. 500 అనేది గీతలు పూడ్చుకోవడానికి, దాన్ని అంటగట్టబోతే వద్దనండి. టామియాలో అయితే "ఫైన్ సర్ఫేస్ ప్రైమర్" అని ఉండాలి. "ఫైన్" లేని సర్ఫేస్ ప్రైమర్ కూడా ఒకటుంది, అది కాస్త గరుకు. కొన్ని లిస్టింగుల్లో ఫొటో ఒకటి, టైటిల్ ఇంకొకటి పెట్టి ఈ రెండిటినీ కలిపేస్తున్నారు, డబ్బా ముందువైపు స్పష్టమైన ఫొటో అడగండి.

రంగు విషయంలో కూడా సెల్లర్లు ఇష్టమొచ్చినట్టు చెప్తున్నారు. "మెటాలిక్ అంటే బ్లాక్ బేసే" అని డబ్బా బ్లాక్ అదనంగా కొనిపించేస్తారు. ఆల్‌క్లాడ్ అనే బ్రాండ్ క్రోమ్ లాంటి అద్దపు రంగులకి మెరిసే నలుపు తప్పనిసరి, ఆ నలుపు అద్దంలా ఉంటేనే పైన క్రోమ్ వస్తుంది, అది నిజమే. కానీ మామూలు టీఎస్ సిల్వర్లకి, గన్ మెటల్‌కి సన్నటి బూడిద రంగు హాయిగా సరిపోతుంది. కింద నలుపైతే రంగు లోతుగా, ముదురుగా వస్తుంది, తెలుపైతే తేలిగ్గా, ప్రకాశంగా వస్తుంది, మీకు ఏ కారు కావాలో దాన్ని బట్టి ఎంచుకోవాలి. టీఎస్-74 క్లియర్ రెడ్ లాంటి, కింద రంగు కనిపించే పారదర్శక రంగుల కిందకైతే ప్రైమర్ మీద ముందు సిల్వరో, గోల్డో పడాలి, నేరుగా బూడిద మీద కొడితే బురద రంగే.

ఇంకో మోసం కాదు గానీ నిర్లక్ష్యం: టామియా పీఎస్ డబ్బాలని "టామియానే కదా" అంటూ కిట్లకి అమ్మడం. పీఎస్ అనేది ఆర్‌సీ (రిమోట్‌తో నడిచే) కార్ల పాలీకార్బొనేట్ బాడీలకి, పాలీస్టైరిన్‌కి కాదు. టీఎస్ తీసుకెళ్లి పాలీకార్బొనేట్ మీద కొడితే పెచ్చులు లేస్తుంది. ఒక్క అక్షరం తేడా, చూసుకోండి. అలాగే హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే "యూనివర్సల్" స్ప్రేల్లో కొన్ని ఎనామిల్ రకం. వాటి మీద లాకర్ మెటాలిక్ పడిందంటే కిందపొర ముడతలు పడి పైకి లేస్తుంది. శుభ్రం చేయడానికి టర్పెంటైన్ వాడమని డబ్బా మీద రాసి ఉంటే అది దాదాపు ఎనామిలే, పక్కన పెట్టేయండి.

డబ్బా చేతికొచ్చాక, ఎవరు ఎంత భరోసా ఇచ్చినా, బాడీ మీద మాత్రం మొదట కొట్టకండి. ఇంతకుముందు అందరూ తెల్లటి ప్లాస్టిక్ చెంచాల మీద ట్రై చేసేవాళ్లు. 2022 జూలై 1 నుంచి వాటి మీద నిషేధం ఉంది. పైగా చెంచా ఏ ప్లాస్టిక్‌తో చేశారో మనకి తెలియదు. కిట్ ముక్కలు అంటుకుని వచ్చే ఫ్రేమే నయం, బాడీ రంగు ఫ్రేమ్ అయితే ప్లాస్టిక్ కూడా సాధారణంగా అదే. కాస్త తడిగానే కొట్టి రాత్రంతా వదిలేయండి, మర్నాడు గోరుతో గీకి చూడండి. వానాకాలంలో, అందులోనూ విశాఖ, కాకినాడ వైపు ఉక్కపోతలో అయితే తెల్లటి పొగలాంటి పొర వస్తుంది. అది అండర్‌కోట్ తప్పు కాదు, సాల్వెంట్ ఎగిరేటప్పుడు ఉపరితలం చల్లబడి గాలిలో తేమ పడుతుంది. దానికి సెల్లర్‌తో గొడవ పెట్టుకోకండి.

గొడవ పెట్టుకోవాల్సింది స్టిక్కర్ గురించి. నేను అడిగితే ముందు "మీ కిట్ ప్లాస్టిక్ నాసిరకం" అన్నాడు, తర్వాత "వాడేసిన డబ్బాకి రిటర్న్ లేదు" అన్నాడు. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం, చెప్పిన లక్షణాలు లేని సరుకుని వెనక్కి తీసుకోనని సెల్లర్ అనడానికి వీల్లేదు. సైట్ వాళ్ల గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఈ రెండు మాటలూ రాసి, స్టిక్కర్ ఊడదీస్తున్న వీడియో జత చేశాక డబ్బా డబ్బులు వచ్చాయి. పాడైన బాడీ గురించి మాత్రం ఉలుకూ పలుకూ లేదు, దాని మీద 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను.

కాంబో లిస్టింగ్ ఇంకా ఉంది, ఇప్పుడు టైటిల్‌లో "ప్లాస్టిక్ సేఫ్" తీసేసి "ప్రో గ్రేడ్" అని పెట్టారు, డబ్బా ఫొటో అదే. స్టిక్కర్ అంచు కింద పాత ప్రింట్ ఎర్రటి గీతలా కనిపిస్తుంది, ఫొటో జూమ్ చేసి చూడండి. ఇప్పటికే కొన్నవాళ్లుంటే డబ్బా వాడకుండా, స్టిక్కర్ ఊడదీసేటప్పుడు వీడియో తీసి పెట్టుకోండి.