నెలకు ఎన్ని కిలోమీటర్లు? అది తేలాకే పెట్రోలా, గ్యాసా, కరెంటా

దసరాకు ముందు మా చుట్టాల్లో మూడు కార్ల పంచాయితీ నడిచింది. గుడివాడలో మా మేనమామ, విజయవాడలో మా బావమరిది, హైదరాబాద్ నిజాంపేటలో మా పిన్ని కొడుకు. ముగ్గురికీ చిన్న కారే కావాలి, ముగ్గురి బడ్జెట్టూ పది లక్షల లోపే. అడిగిన ప్రశ్న కూడా ఒక్కటే: పెట్రోలు తీసుకోవాలా, సీఎన్‌జీ అనే గ్యాసుదా, కరెంటు కారా? మామయ్య ఇంకోటి కలిపాడు. "డీజిలైతే మైలేజీ బాగా వస్తుంది కదరా?"

నేను ముగ్గుర్నీ తిరిగి ఒకటే అడిగాను. ఇప్పుడున్న బండి మీద నెలకు ఎంత తిరుగుతున్నారు? ముగ్గురూ "బాగానే తిరుగుతాం" అన్నారు. మీటరు చూసి చెప్పమంటే మామయ్యది 350 కిలోమీటర్లు తేలింది. బావమరిది మందుల కంపెనీలో సేల్స్, ఏలూరు, గుంటూరు, మచిలీపట్నం తిరుగుతాడు, 1,500 పైనే. పిన్ని కొడుకు ఆఫీసుకి రోజూ రానూపోనూ 44, వారాంతాలు కలిపి 1,100. మనం ఎంత తిరుగుతామో మనకే తెలియదు. ఎక్కువే అనుకుంటాం.

ముందు డీజిల్ సంగతి తేల్చేస్తాను, ఎందుకంటే అది ఇప్పుడు తేలిక. 2012 మేలో ఢిల్లీలో పెట్రోలు లీటరు 73 రూపాయలు దాటితే డీజిల్ 41. ఆ తేడా చూసి ఊళ్లకు ఊళ్లు డీజిల్ కార్లు కొన్నాయి. స్విఫ్ట్‌లోనూ, ఇండికా విస్టాలోనూ, పుంటోలోనూ అదే ఫియట్ 1.3 ఇంజను ఉండేది, మెకానిక్కులు కళ్లు మూసుకుని విప్పేవాళ్లు. 2014 అక్టోబరులో కేంద్రం డీజిల్ ధర మీద అదుపు వదిలేసింది, తేడా కరిగిపోతూ వచ్చింది. 2025 నాటికి హైదరాబాద్‌లో రెంటికీ మధ్య దాదాపు పన్నెండు రూపాయలే. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అనే కొత్త కాలుష్య నిబంధన వచ్చింది, ఆ రోజుతోనే మారుతి డీజిల్ కార్లు ఆపేసింది. హ్యుందాయ్ ఐ20 డీజిల్ కూడా 2023లో పోయింది. నాలుగు మీటర్ల పొడవులోపు డీజిల్ కావాలంటే, టాటా ఆల్ట్రోజ్ ఒక్కటి పోగా, సోనెట్, వెన్యూ, నెక్సాన్ లాంటి ఎత్తు బండ్ల వైపు చూడాలి.

బీఎస్-6 డీజిల్‌తో ఇంకో తలనొప్పి ఉంది. సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టరు ఒకటి పెడతారు, డీపీఎఫ్ అంటారు. అందులో చేరిన మసి కాలిపోవాలంటే ఇంజను బాగా వేడెక్కాలి, అంటే హైవే మీద ఇరవై నిమిషాలైనా ఆగకుండా ఒకే వేగంలో పోవాలి. ఇంటి నుంచి బజారుకి, బజారు నుంచి గుడికి తిరిగే బండికి ఆ అవకాశమే రాదు. ఫిల్టరు మూసుకుపోయి డాష్‌బోర్డులో పసుపు దీపం వెలుగుతుంది, పట్టించుకోకపోతే పికప్ పడిపోతుంది. నెలకు 350 కిలోమీటర్లు, అదీ గుడివాడలో. మామయ్యకు డీజిల్ వద్దని అక్కడే చెప్పేశాను. "పదేళ్లకే డీజిల్ బండి తుక్కు కింద పోతుందటగా" అని అత్తయ్య అడ్డుపడింది. ఆ పదేళ్ల గొడవ ఢిల్లీ చుట్టుపక్కల ప్రాంతానిది. గుడివాడకు దాంతో సంబంధం లేదు. కానీ వాట్సాప్‌లో వచ్చాక ఎవరు ఆపగలరు.

నెలకు రెండు వేలకు పైగా, అదీ ఎక్కువ హైవే మీద, నలుగురితో లగేజీతో తిరిగేవాళ్లకు మాత్రం డీజిల్ లాగుడు ఇప్పటికీ వేరే. శ్రీశైలం ఘాట్‌లో ఆ తేడా కాలికి తెలుస్తుంది.

ఇక అసలు పోటీ మూడింటి మధ్య. లెక్క కోసం రౌండు అంకెలు వేసుకుందాం, మీ ఊరి ధరలు మీరు మార్చుకోండి. పెట్రోలు లీటరు 108, సీఎన్‌జీ కిలో 95. కంపెనీ చెప్పే మైలేజీని నమ్మొద్దు. కొత్త స్విఫ్ట్ సీఎన్‌జీకి కాగితం మీద కిలోకు 32.85 కిలోమీటర్లు, పెట్రోలుకు లీటరుకు 24.8. ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని తిరిగితే సీఎన్‌జీకి 24, పెట్రోలుకు 17 అనుకుంటే మోసపోరు. అప్పుడు పెట్రోలుకు కిలోమీటరుకు ఆరు రూపాయల ముప్పై పైసల పైచిలుకు, గ్యాసుకు నాలుగుకు కొంచెం తక్కువ. తేడా రెండు రూపాయల నలభై పైసలు.

అదే మోడల్లో గ్యాస్ బండికి దాదాపు 95 వేలు ఎక్కువ పెట్టాలి. రెండు నలభైతో భాగిస్తే 39,600 కిలోమీటర్లు తిరిగాక గాని ఆ డబ్బు వెనక్కి రాదు. బావమరిదికి అది ఇరవై ఆరు నెలలు. మామయ్యకు తొమ్మిదేళ్లు దాటుతుంది. ఇదంతా రొక్కం పెట్టి కొంటేనే. ఆ 95 వేలూ 9 శాతం వడ్డీకి ఐదేళ్ల లోనులో కలిపితే, వడ్డీయే ఇంకో 23 వేలు. షోరూంలో ఈ మాట ఎవరూ చెప్పరు. "సార్, నెలకు కిస్తీ రెండు వేలే ఎక్కువ" అంటారు. మామయ్యకు గ్యాసు మీద నెలకు మిగిలేది 840.

డబ్బు ఒక్కటే అయితే ఇక్కడితో ఆపేయొచ్చు. గ్యాస్ బండితో బతకడం వేరే విద్య. ఒకటి, డిక్కీ. అంత పెద్ద సిలిండరు పెట్టాక మిగిలేది ఒక చేతిసంచీ చోటు. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేటప్పుడు బియ్యం బస్తా, సున్నుండల డబ్బాలు, కొబ్బరికాయలు ఎక్కడ పెడతారు? వెనక సీట్లో అత్తగారి కాళ్ల కింద. టాటా వాళ్లు పెద్ద సిలిండరు బదులు రెండు చిన్నవి డిక్కీ నేల కింద పెట్టే ఏర్పాటు తెచ్చారు, ఆల్ట్రోజ్‌లో మొదలైంది. డిక్కీ కావాలనుకునేవాళ్లు అది చూడొచ్చు. స్టెప్నీ ఎక్కడ పెట్టారో కూడా అడగండి.

రెండు, బంకు. గ్యాసు పైపులైను నేరుగా వచ్చే స్టేషన్లో ఒత్తిడి బాగుంటుంది. లారీలో సిలిండర్ల గుత్తి తెచ్చి దించే స్టేషన్లో, లారీ ఖాళీ కావస్తుంటే ఒత్తిడి పడిపోతుంది. మీటర్లో ఆరు కిలోలకే ఆగిపోతుంది, "ప్రెషర్ లేదండీ" అంటాడు కుర్రాడు. ఎండాకాలం మధ్యాహ్నం పట్టిస్తే గ్యాసు వేడికి వ్యాకోచించి ఇంకా తక్కువ ఎక్కుతుంది. తెల్లారుజామున వెళ్లేవాళ్లు తెలివైనవాళ్లు, ఆటోలు కూడా అప్పుడే వస్తాయి, అది వేరే సంగతి. విజయవాడలో భాగ్యనగర్ గ్యాస్ వాళ్ల స్టేషన్లు ఏళ్లుగా ఉన్నాయి, బావమరిదికి దారి పొడవునా దొరుకుతుంది. మీరు రోజూ తిరిగే దారిలో గ్యాస్ బంకు లేకపోతే, దాని కోసం ఆరు కిలోమీటర్లు పక్కకి పోయి వచ్చే ప్రతిసారీ యాభై రూపాయల దాకా సమర్పించుకున్నట్టే, క్యూలో పోయే అరగంట కాకుండా.

మూడు, బలం. స్విఫ్ట్ పెట్రోలు మీద 82 హార్స్‌పవర్ ఇస్తే గ్యాసు మీద 70కి తక్కువే. చదునైన రోడ్డు మీద తెలియదు. తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు ఐదుగురుంటే స్విచ్ నొక్కి పెట్రోలు మీదకి మార్చుకోవడమే మేలు. ట్యాంకులో పెట్రోలు కాస్తయినా ఉంచుకోవాలి, నెలల తరబడి కదిలించకుండా అట్టే ఉంచకూడదు కూడా. సిలిండరుకు మూడేళ్లకోసారి పరీక్ష చేయించాలి, సర్టిఫికెట్ దాచాలి. బయట కిట్టు పెట్టించుకునేవాళ్లు ఆర్‌సీలో రాయించకుండా, ఇన్సూరెన్సుకు చెప్పకుండా తిరుగుతుంటారు. ప్రమాదం జరిగిన రోజు క్లెయిము దగ్గర తెలుస్తుంది ఎంత మిగిలిందో. కంపెనీ బిగించి ఇచ్చిందే కొనండి.

పెట్రోలు గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు, దాని గొప్ప అదే. కొన్న ధర తక్కువ, బంకు ప్రతి ఊళ్లో ఉంటుంది, ఏ మెకానిక్కయినా చూస్తాడు. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ, కాబట్టి మైలేజీ కొంత తగ్గడం సహజం. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన కార్లు దానికి తగ్గ రబ్బరు, ప్లాస్టిక్ భాగాలతో వస్తున్నాయి. పాత కారు కొనేవాళ్లు మాత్రం తయారైన సంవత్సరం చూసుకుని, మాన్యువల్లో ఏం రాశాడో చదవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి 1200 సీసీ లోపు, నాలుగు మీటర్ల లోపు పెట్రోలు, గ్యాస్ కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. అంతకుముందు 28, పైన సెస్సు.

ఈ పన్ను తగ్గడం వల్ల నష్టపోయింది కరెంటు కారే. దాని మీద ముందునుంచీ ఐదు శాతమే, ఇంక తగ్గడానికి ఏముంది? షోరూం ధరలో చిన్న పెట్రోలు కారుకూ చిన్న ఈవీకీ, అంటే కరెంటు కారుకీ మధ్య మూడు లక్షల దూరం అనుకుందాం. కానీ తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 దాకా ఈవీలకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ. ఏడు లక్షల పెట్రోలు కారుకు 14 శాతం లెక్కన ట్యాక్సే లక్షకు చేరువ. అది తీసేస్తే నిజమైన తేడా రెండు లక్షలు. అందుకే షోరూం ధరలు పోల్చొద్దు, రెండు బండ్లకూ ఆన్‌రోడ్ లెక్క కాగితం మీద రాయించుకోండి.

నడిపే ఖర్చు చూస్తే కళ్లు తిరుగుతాయి. చిన్న ఈవీకి వంద కిలోమీటర్లకు ఇంటి గోడ ప్లగ్ దగ్గర పద్నాలుగు, పదిహేను యూనిట్లు పడుతుంది. యూనిట్ తొమ్మిది రూపాయలే అనుకున్నా కిలోమీటరుకు రూపాయి ముప్పై పైసలు. పెట్రోలు మీద ఐదు రూపాయలు మిగులు, నలభై వేల కిలోమీటర్లకు ఆ రెండు లక్షలూ తిరిగొస్తాయి. పిన్ని కొడుక్కి మూడేళ్లు. ఆయిల్ మార్పిడి లేదు, క్లచ్ లేదు. మియాపూర్ జంక్షన్లో గంటసేపు పాకినా కాలు నొప్పి లేదు, ఆగిన బండి ఏసీకి తప్ప కరెంటు తాగదు. ట్రాఫిక్‌లో పెట్రోలు కారు మైలేజీ చచ్చే చోటే దీనికి బాగుంటుంది.

అయితే ఈ లెక్కంతా ఇంట్లో ప్లగ్ ఉంటేనే. బయట ఫాస్ట్ చార్జర్ దగ్గర యూనిట్ ఇరవై రూపాయల పైన పడితే కిలోమీటరుకు మూడు రూపాయలకు చేరుతుంది. గ్యాస్ బండి నాలుగు. ఒక్క రూపాయి కోసం గంట కాఫీ తాగుతూ కూర్చోవాలా? ఇంట్లో ప్లగ్ లేనివాళ్లకు ఈవీ కంటే గ్యాసే నయం అని నా అభిప్రాయం. ఇంట్లో ఉన్నవాళ్లు కూడా శ్లాబు చూసుకోవాలి. నెలకు 1,100 కిలోమీటర్లంటే నూట అరవై యూనిట్లు అదనం, మే నెలలో ఏసీ బిల్లు మీద ఇది కూర్చుంటే పై శ్లాబులోకి పోతారు. ఈవీ చార్జింగ్‌కు కరెంటు సరఫరా చేసే డిస్కంలలో విడి కేటగిరీ ఉంది, విడి మీటరు పెట్టించుకోవచ్చు.

దూరప్రయాణం ఇంకో ముచ్చట. పంతొమ్మిది, ఇరవై నాలుగు యూనిట్ల బ్యాటరీ ఉన్న చిన్న కారు రోడ్డు మీద 140 నుంచి 200 కిలోమీటర్లు పోతుంది, అదీ వంద వేగం దాటకపోతే. హైదరాబాద్ నుంచి విజయవాడ 275. సూర్యాపేటలో ఆగాల్సిందే, పండగ రోజుల్లో ఆ చార్జర్ దగ్గర ముందే ముగ్గురుంటే టెన్షన్ మొదలు. ఏడాదికి రెండుసార్లు ఊరెళ్లేవాడు ఆ రెండుసార్లూ రైలెక్కితే సరిపోతుంది. నెలకు మూడుసార్లు వెళ్లేవాడికి చిన్న బ్యాటరీ ఈవీ వద్దు. బ్యాటరీ పోతుందేమోనన్న భయం మాత్రం కొంచెం ఎక్కువే చేస్తున్నారు. టాటా లాంటి కంపెనీలు ఎనిమిదేళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి. నాకున్న అనుమానం సెకండ్ హ్యాండ్ ధర మీద. ఐదేళ్లకే అమ్మే అలవాటున్నవాళ్లు అది లెక్కలో వేసుకోవాలి.

హైబ్రిడ్ అడిగితే, దూరం నుంచి దండం. కరెంటు మీద కూడా కాసేపు నడిచే అసలు హైబ్రిడ్లు మన దగ్గర గ్రాండ్ విటారా, హైరైడర్ లాంటి పెద్ద బండ్లలో ఉన్నాయి. ఈ బడ్జెట్టుకు అందవు.

చివరికి బావమరిది గ్యాస్ బండే తీసుకున్నాడు, శాంపిల్ పెట్టెలు వెనక సీట్లో పెట్టుకుంటున్నాడు. మామయ్య పెట్రోలు కారు కొన్నాడు గాని ఎవరు ఎదురుపడినా "డీజిలే తీసుకుందామనుకున్నా, మావాడు పడనివ్వలేదు" అంటున్నాడట. పిన్ని కొడుక్కి ఈవీ అన్ని లెక్కల్లోనూ కుదిరింది, ఒక్క ప్లగ్ తప్ప. అపార్ట్‌మెంట్ సెల్లార్లో తన పార్కింగ్ దాకా వైరు లాగడానికి అసోసియేషన్ ఒప్పుకోవాలి. "అన్నా, వచ్చే ఆదివారం మీటింగు" అని ఫోన్ చేశాడు. ఎజెండాలో వాడి ప్లగ్ మూడోది. మొదటిది నీళ్ల ట్యాంకర్లు, రెండోది లిఫ్టు. మొదటిదే తెమిలేసరికి భోజనాల వేళవుతుందని వాడి దిగులు.