సొంత హెల్పరా, జావాస్క్రిప్ట్‌లో రెడీగా ఉన్న ఇంటిలా (Intl)?

జావాస్క్రిప్ట్ ప్రాజెక్ట్ కొంచెం పాతబడితే చాలు, అంకెలకి కామాలు పెట్టే ఫంక్షన్ మూడు ఫోల్డర్లలో మూడు పేర్లతో తేల్తది, ఒకటి 12,345,678 అంటది ఇంకోటి 1,23,45,678 అంటది, యూజర్‌కేమో ఒకే బిల్లు రెండు పేజీల్లో రెండు రకాలు.

అన్నీ కలిపి సొంతంగా ఒకటే యుటిల్స్ ఫైల్ చేస్కోవచ్చు. అవుట్‌పుట్ మన చేతిలో ఉంటది. కానీ రేపు జర్మనీ క్లయింట్ 1.234,5 అని కావాలంటే మళ్లీ ఇఫ్ ఎల్స్‌లు మొదలు, డేట్ సంగతి ఇంక చెప్పక్కర్లేదు, 3/4 అంటే మనకి ఏప్రిల్ 3, అమెరికాలో మార్చి 4.

ఇంటిల్ అంటే అంకెల్నీ డేట్లనీ ఆయా దేశాల పద్ధతిలో రాసిపెట్టే, జావాస్క్రిప్ట్‌లోనే ఉన్న సదుపాయం. దానికి లొకేల్, అంటే ఏ భాష ఏ దేశం అన్నది, ఇస్తే లక్షలు కోట్లతో సహా అదే చూస్కుంటది. తిరకాసు లేదని కాదు, ఇంటిల్ వెనక పనిచేసే ఐసీయూ (ICU) లైబ్రరీ 72వ వెర్షన్ వచ్చాక ఇంగ్లిష్ టైమ్‌లో ఏఎం, పీఎం ముందున్న మామూలు స్పేస్ కాస్తా సన్న స్పేస్ అయిపోయి స్ట్రింగ్ పోల్చే టెస్టులు చాలా చోట్ల ఫెయిలైనయ్, కంటికేమో రెండూ ఒకేలా ఉంటయి! పెద్ద టేబుల్‌లో ప్రతి సెల్‌కీ కొత్త ఫార్మాటర్ చేస్తే స్లో కూడా, లొకేల్‌కి ఒకటి చేసి దాచుకోవాలి.

నా ఓటు ఇంటిల్‌కే, కాకపోతే ఎక్కడపడితే అక్కడ పిలవకుండా మధ్యలో ఒక చిన్న ఫైల్ పెట్టి టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా అని అక్కడే ఫిక్స్ చేయండి, లేదంటే మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే యూటీసీ టైమ్‌లో నడిచే సర్వర్ మీద పొద్దున 5:30 లోపు పడ్డ బిల్లులన్నీ నిన్నటి డేట్‌తో వస్తయి.